సెప్టెంబర్ 17, నవాబుపేట

లింగంపల్లి దాటితే గానీ వికారాబాద్ ప్యాసింజర్‌లో కూర్చునే చోటు దొరకదు. నాగులపల్లి, శంకర్‌పల్లి వచ్చేసరికి కిటికీ బయట అపార్ట్‌మెంట్లు పలచబడి మక్కచేన్లు, పత్తిచేన్లు మొదలవుతాయి. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా ఈ లైను 1874లో పడింది, నిజాం సర్కారు సొమ్ముతో. ఇప్పుడు దీని మీద పాలక్యాన్లు, కూరగాయల గంపలు, నగరంలో కొలువు చేసే కుర్రాళ్లు తిరుగుతుంటారు.

ఎదుటి సీట్లో ఉన్నాయన కూతురు ఫిలిప్పీన్స్‌లో, దావో నగరంలో డాక్టరీ చదువుతోంది. ఆ ఊళ్లో తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. నేను నవాబుపేటకు జెండా చూడ్డానికి పోతున్నానంటే ఆయనకు నవ్వొచ్చింది. ఫోన్ తీసి జూన్‌లో బిడ్డ పంపిన వీడియో చూపించాడు. వీధి పొడవునా నీలం, ఎరుపు జెండాలు.

"వాళ్ల ఇండిపెండెన్స్ డే జూన్ 12 సార్. కానీ అమెరికావోళ్లు ఇడ్సిపెట్టి పోయింది జులై 4 నాడట. ఇచ్చిన దినం ఇడ్సిపెట్టి ఇంకో దినం చేసుకునుడేంది?"

మంచి ప్రశ్నే. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్ ఏలిన ఆ దీవులకు 1898 జూన్ 12న కవిత్ పట్టణంలోని తన ఇంట్లో ఎమిలియో అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆరు నెలలైనా నిండకముందే, డిసెంబర్ 10న పారిస్‌లో కుదిరిన ఒప్పందంతో స్పెయిన్ ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లు తీసుకుని అమెరికాకు అప్పగించింది. ఫిలిప్పీన్ ప్రతినిధిని ఆ చర్చల్లోకి రానివ్వనే లేదు. తర్వాత అమెరికాతో యుద్ధం, అమెరికా పాలన నడుస్తుండగానే జపాన్ ఆక్రమణ. చివరికి 1946లో అమెరికా తన సొంత పండగ రోజే చూసి వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చింది. 1962లో అమెరికా ప్రతినిధుల సభ యుద్ధ నష్టపరిహారం బిల్లును తోసిపుచ్చినప్పుడు మనీలాలో కోపం రేగింది. ఆ నెలలోనే అధ్యక్షుడు దియోస్దాదో మకపగల్ పండగను జూన్ 12కు మార్చాడు. తొంభై దాటిన అగినాల్డో ఆ ఏటి వేడుక కళ్లారా చూశాడు. ఒకరు ఇచ్చిన రోజు కాదు, మేం ప్రకటించుకున్న రోజు మాది అని దాని అర్థం.

ఇంతలో చిట్టిగిద్ద వచ్చింది.

అక్కడి నుంచి నవాబుపేటకు షేర్ ఆటో. ఈ మండలం వికారాబాద్ జిల్లాలో ఉంది, అసెంబ్లీ ఓటు మాత్రం చేవెళ్లకు పడుతుంది. మండలాఫీసు ముందు గద్దెకు తాండూరు బండలు పరిచారు. చుట్టూ సున్నంతో గీసిన ముగ్గు వానకు సగం కరిగింది. అటెండర్ జెండా మడతలో బంతిపూల రెక్కలు పెట్టి, ముడి మరీ బిగిసిందేమోనని రెండుసార్లు తాడు లాగి చూసుకున్నాడు. జెండా ఎగిరింది, జనగణమన అయింది, పిల్లలకు బిస్కెట్లు పంచారు. బ్యానర్ మీద 'ప్రజా పాలన దినోత్సవం' అని ఉంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇదే రోజును జాతీయ సమైక్యతా దినమంది. అదే పొద్దున కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. ఇప్పుడున్న ప్రభుత్వం 2024లో ఈ మూడో పేరు పెట్టింది. ఫిలిప్పీన్స్‌లో తేదీ మారింది. ఇక్కడ తేదీ కదల్లేదు, సర్కారు మారినప్పుడల్లా బ్యానర్ మారుతోంది.

చాయ్ హోటల్ బల్ల మీద రుమాలు చుట్టుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు. "పెద్దయ్యా, ఇయ్యాల ఏం పండుగ?" అంటే చేతిలోని గ్లాసు పక్కన పెట్టాడు.

"గవర్మెంటోళ్లది బిడ్డా. మేమైతే పోలీస్ యాక్షన్ అంటం. అప్పుడు నేను గింతంతోణ్ణి. రజాకార్లు వస్తున్నరంటే మా నాయిన మమ్మల్ని జొన్నచేన్ల పండవెట్టిండు. మిలిట్రీ వచ్చినంక మేం ఇంటికొచ్చినం. అప్పుడు సాయిబులు దాసుకున్నరు. వాళ్లకు గూడ మా నాయిననే బువ్వ తీస్కపోయిండు."

హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం 1948 సెప్టెంబర్ 13న కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల వల్ల కలిగిన ముందటి భయం గురించి ప్రతి వేదిక మీదా మాట్లాడతారు. సైన్యం వచ్చాక ముస్లింలకు పట్టిన తర్వాతి భయం మీద కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని లెక్క కట్టింది. ఎక్కువ నష్టం జరిగిన జిల్లాల్లో పక్కనున్న గుల్బర్గా, బీదర్ ఉన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. పెద్దయ్య ఒక్క గుక్కలో చెప్పిన రెండు ముక్కలూ కలిసి పట్టే బ్యానర్‌ను ఇంతవరకూ ఎవరూ కట్టలేదు. నాకైతే మూడు పేర్లలో ఉన్న అసలు లోటు అదేననిపించింది.

మధ్యాహ్నానికి వికారాబాద్ చేరాను. ఊరి పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రాది. తాండూరు బండి ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే దావో బిడ్డ తండ్రి మాట మళ్లీ గుర్తొచ్చింది. తేదీ మార్చుకున్నంత మాత్రాన ఫిలిప్పీన్స్‌లో కూడా లెక్క తేలలేదు. అమెరికా స్థావరాల ఒప్పందం పొడిగింపును 1991 సెప్టెంబర్ 16న వాళ్ల సెనేట్ 12–11 ఓట్లతో తిరస్కరించింది. 2014లో మరో ఒప్పందం మీద అక్కడి ప్రభుత్వం అమెరికా బలగాలకు మళ్లీ తలుపు తెరిచింది. దక్షిణ చైనా సముద్రంలో చైనాతో పేచీ ముదిరాక, స్వాతంత్ర్యమంటే అక్కడి జాలర్లకు తమ నీళ్లలో వల వేయగలగడం కూడా. ఆ తీరానికి కాపలాగా కొన్న బ్రహ్మోస్ క్షిపణుల మొదటి విడత 2024 ఏప్రిల్‌లో భారత్ నుంచే వెళ్లింది.

తాండూరులో దిగగానే నాపరాయి పాలిష్ మిషన్ల హోరు, చెప్పుల మీద తెల్లటి దుమ్ము. 1956 నవంబర్ 1 దాకా ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఇక్కడ 1940లో పుట్టి గడప దాటని మనిషి కూడా నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చూశాడు. జిల్లాలైతే గుల్బర్గా, హైదరాబాద్, 1978లో రంగారెడ్డి, 2016లో వికారాబాద్. మార్కెట్ దగ్గర తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందుల బస్తాల మీద ఊరి పేరు ఇప్పుడు పెద్దక్షరాల్లో ఉంటోంది.

సేడం నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన కందులు చేత్తో జల్లించి చూస్తున్నాడు. మీ దగ్గర కూడా ఇయ్యాల జెండా ఎగరేశారా అని అడిగాను.

"ఎగిరేసిన్రు. మొదట్ల విమోచన అంటుంటిరి, ఇప్పుడు కళ్యాణ కర్ణాటక ఉత్సవ అంటున్రు," అని పిడికిట్లో ఉన్న కందులు బస్తాలో పోసి, దుకాణదారు వైపు తిరిగాడు. "ఇవి పోయినేటివి గదా సేట్, రేటు జర తగ్గించు."