పాత ఫియట్‌కు రంగు

మా హోసూరులో ఇంకా రోడ్డుమీద తిరిగే ఫియట్ కార్లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కాగితాలమీద వాటి పేరు ప్రీమియర్ పద్మిని. బొంబాయిలో కుర్లా ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100కు ఇక్కడి రూపం కాబట్టి కంపెనీ పేరు మార్చినా జనం నోట పాతపేరే నిలిచింది. ముంబయి వీధుల్లో టాక్సీలుగా తిరిగిన చివరి పద్మినీలు 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. అక్కడ టాక్సీకి 20 ఏళ్ళ హద్దు ఉంది. మా తమిళనాడులో సొంత బండికి ఆ హద్దు లేదు. 15 ఏళ్ళు నిండాక ఐదేళ్ళకొకసారి ఆర్టీఓ ఆఫీసుకు తోలుకుపోయి చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటే చాలు.

చాలు అనడం తేలికే. మా బండి 1989 నాటిది. మా నాన్న బడిపంతులుగా రిటైరైన ఏడు, 1998లో, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్‌హ్యాండులో కొన్నారు. 2024 చివరికి మళ్ళీ పొడిగింపు రావాలి. తలుపుల కింద రేకు పొరలు పొరలుగా లేస్తూంది. బానెట్ మీద రంగు ఎండకు సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఇంట్లో రెండు పక్షాలు. తూకానికి అమ్మేయమని మా అబ్బాయి, ఆయన ఉన్నన్నాళ్ళూ ఉండనీ అని మా ఆవిడ. నాన్నకు 84 ఏళ్ళు, తోలడం మానేసి పదేళ్ళయింది. అయినా పొద్దునపూట వరండాలో కూర్చుంటే ఆయన చూపు ఆ బండిమీదే ఉంటుంది. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఏమీ అనలేదు.

బెంగుళూరు దారిలోని ఒక పెద్ద వర్క్‌షాపులో అడిగితే 90,000 అన్నారు. బండి అమ్మితే అంత రాదు. నా దగ్గర ఉన్నది 35,000. ఆ డబ్బుకు ఏం జరుగుతుందో తెలుసుకుందామని బాగలూరు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి పెయింటర్ మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. మాట మన మాటే. బండి ఆపగానే చుట్టూ ఒకసారి తిరిగి, "అయివారి బండి కదా సామీ ఇది" అన్నాడు.

ఆయన పరీక్ష చూడవలసిందే. జేబులోంచి గుడ్డచుట్టిన అయస్కాంతం తీశాడు. రేకున్న చోట అది అతుక్కుంటుంది. లోపల పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. ఎడమవైపు వెనక మడ్‌గార్డు మీద రెండుసార్లు జారింది. అంటే ఎప్పుడో ఎవరో సొట్ట తీయకుండా లప్పం నింపి పైన రంగు కొట్టారు. తర్వాత టిన్నర్‌లో తడిపిన గుడ్డతో డిక్కీ మూలన రుద్దాడు. నీలిరంగు గుడ్డకు అంటుకుంది. కాసేపటికి అడుగున ఇంకో నీలం కనబడింది, అది కదలలేదు. "పైన కొట్టిండేది ఎన్‌సి రంగు, లేసిపోతుంది. అడుగున ఉండేది కంపెనీలో కాల్చిన రంగు. అది బాగుండాది, దాన్ని పీకకూడదు" అన్నాడు. నిలిచి ఉన్న కంపెనీ రంగుకంటే మంచి పునాది వేరే లేదట. మొత్తం గీకి రేకు బయటపెడితే కూలీ రెండింతలవుతుంది, లాభం మాత్రం లేదు. మొదటి పొదుపు అక్కడ.

ఆఖరున స్క్రూడ్రైవర్ పట్టుకుని నేలమీద పడుకున్నాడు. తలుపుల కింద బండి పొడుగునా పోయే రేకును రన్నింగ్ బోర్డు అంటారు. దాన్ని పొడిస్తే కుడివైపు లోపలికి దిగింది. లారీకున్నట్టు ఫియట్‌కు విడిగా ఛాసిస్ లేదు. ఒంటిరేకే దానికి ఎముకలు. రన్నింగ్ బోర్డు పోతే బండి నడుం పోయినట్టే. వాననీళ్ళు కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి దిగి, అడుగున ఉన్న చిన్న కంతల్లోంచి బయటికి పోవాలి. వాటిలో మట్టి గడ్డకడితే నీళ్ళు లోపలే నిలిచి తలుపు అడుగు తింటాయి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కింద కూడా ఇదే కథ. అందువల్ల తుప్పు పైకి కనబడేసరికి లోపల దాని పని ముగిసి ఉంటుంది.

"దుడ్డు రెండు రకాలుగా పెట్టచ్చు సామీ. మెరుపుకు పెట్టచ్చు, రేకుకు పెట్టచ్చు. రెండిటికీ చాలదు" అన్నాడు మేస్త్రి.

రేకుకే పెట్టమన్నాను. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. తుప్పుమీద పుట్టీ మెత్తి రంగు కొట్టిన బండ్లు పెళ్ళికూతురిలా వచ్చి, రెండు వానాకాలాలు చూడకుండానే బుడిపెలు లేవడం మా వీధిలోనే చూశాను.

ఇక రంగు ఏది? మా అబ్బాయి తెలుపు అన్నాడు. తెలుపులో ఎగుడుదిగుళ్ళు కనబడవన్న మాట నిజమే. ముదురు రంగయితే రేకులోని ప్రతి అలా ఎండలో బయటపడుతుంది. కాని రంగు మారిస్తే తలుపులు తీసినప్పుడు కనబడే అంచులు, డిక్కీ లోపల, బానెట్ కింద అన్నీ మార్చాలి. ఆర్‌సీ పుస్తకంలో రంగు రాసి ఉంటుంది కనుక దాన్నీ మార్పించాలి. అదే రంగయితే పైపైన కొడితే చాలు. మేస్త్రి చెప్పిన ఈ లెక్కతో ఇంట్లో వాదన ముగిసింది. నాన్న ఏ రంగు కోరతారో ఎవరూ అడగకుండానే ఆయన నీలం నిలిచింది.

ఏ నీలం అన్నది తేలడానికి మాత్రం ఒకరోజు పట్టింది. బానెట్ మీది నీలం ఎండకు వెలిసింది, డిక్కీమీదిది 2001లో ఎవరో కొట్టిన వేరే నీలం. మేస్త్రి డిక్కీ రబ్బరు ఊడదీసి, దాని కింద ఎండ తగలని వేలెడు పట్టీని చూపించాడు. 1989లో ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రంగు. ఆ చోటు చూసి రంగుల దుకాణంలో కలిపించుకు వచ్చాం. తడిమీద ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది కాబట్టి డబ్బా మూతమీద పూసి ఆరనిచ్చి పోల్చాలి. మూడోసారి సరిపోయింది.

పని పద్దెనిమిది రోజులు. అందులో రంగు కొట్టింది ఒక్కరోజు. మిగతాదంతా చేతిపని. ముందు టింకరింగు. కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేశారు. తర్వాత ప్రైమరు, పుట్టీ, ఉప్పుకాగితం, మళ్ళీ పుట్టీ, మళ్ళీ ఉప్పుకాగితం. ముందు 80 నంబరు, ఆపైన 180, 320. సర్ఫేసర్ కొట్టాక 400, 800 నీటి కాగితాలు. మేస్త్రి దగ్గర పనిచేసే మనవడు బకెట్టులో కాగితం ముంచుతూ రోజంతా రుద్దేవాడు. వాడి వేళ్ళ కొసలు నీళ్ళల్లో నాని తెల్లగా ముడతలుపడి ఉండేవి. సర్ఫేసర్ మీద నల్లరంగు పలుచగా దుమ్ములా చల్లి రుద్దుతారు. ఎత్తున్న చోట నలుపు పోతుంది, పల్లమున్న చోట మిగులుతుంది. అంతకంటే మేస్త్రి అరచేయి నమ్మకం. కళ్ళు మూసుకుని ఎడమచేత్తో తడిమి, "ఇక్కడ రొంత పల్లం" అనేవాడు. నేను తడిమితే నాకేమీ తెలిసేది కాదు.

ఆ తర్వాతి మాట నాకు ముఖ్యం. ఈ రోజుల్లో పెద్ద వర్క్‌షాపుల్లో కొట్టేది పి.యు. రంగు. గట్టిపడే ద్రావకం ఒకటి కలిపితే రసాయనిక చర్యతో గట్టిపడుతుంది, పాలిష్ లేకుండానే మెరుస్తుంది, చాలా ఏళ్ళుంటుంది. ఇంకో ఐదారువేలు వేసుకుంటాను, అదే కొట్టమన్నాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"నా తమ్ముడు అదే కొడతా ఉండె. ముక్కుకు తువ్వాలు కట్టుకుని. ఆరేండ్లు. ఇప్పుడు మెట్లెక్కలేడు. రాత్రిపూట కూచునే నిద్ర."

గట్టిపడే ఆ ద్రావకంలో ఐసోసయనేట్లని ఉంటాయి. తుంపరగా పీలిస్తే ఊపిరితిత్తులకు ఉబ్బసం తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. దుమ్ము ఆపే గుడ్డలూ మూతిపట్టీలూ వాటిని ఆపలేవు. బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే ముసుగు పెట్టుకుని, గాలి లాగేసే గదిలో కొట్టాలి. రేకుల షెడ్డులో అవెక్కడివి? తక్కువ ధరకు పి.యు. అని బోర్డు కనబడినప్పుడల్లా ఆ తక్కువ ఎవరి ఒంట్లోంచి వస్తుందో ఇప్పుడు నాకు తోస్తూంటుంది.

మేస్త్రి కొట్టేది పాతకాలపు ఎన్‌సి, నైట్రోసెల్యులోజ్. అందులోని టిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోతుంది. అదీ అమాయకురాలేమీ కాదు. టిన్నర్ ఆవిరికి తల తిరుగుతుంది, నిప్పురవ్వ తగిలితే షెడ్డే లేచిపోతుంది. కాని ఐసోసయనేట్ల భయం లేదు. మెరుపు తక్కువ, పాలిష్ చేయాలి, ఐదారేళ్ళకు మళ్ళీ వెలుస్తుంది. సరే అన్నాను. పి.యు.కని పక్కన పెట్టిన డబ్బులో కొంతతో బెంగుళూరు జె.సి. రోడ్డులో ఆవిరిని పట్టే రెండు బొగ్గుడబ్బాల ముసుగు కొనుక్కొచ్చి ఇచ్చాను. మేస్త్రి దాన్ని అటూఇటూ తిప్పిచూసి మనవడి మెడకు తగిలించాడు. "నాకు ఇప్పుడేంటికి సామీ, వానికి పనికొస్తుంది." ఆయనకూ ఒకటి తెచ్చిస్తే గాని రంగు కొట్టనివ్వనని పట్టుబట్టాను. రెండోదీ తెచ్చాను. పెట్టుకున్నాడు, గొణుగుతూనే.

రంగు కొట్టే ముందురోజు అద్దాలకూ చక్రాలకూ కాగితాలు అంటించారు. మా ఊరి షెడ్డు కనుక తమిళ పేపర్లూ కన్నడ పేపర్లూ తెలుగు పేపర్లూ కలిసి ఉన్నాయి. వెనక అద్దానికి ఒక తెలుగు ఆదివారం అనుబంధం పడింది. అందులోని కథ నిలబడి చదువుతూంటే మనవడు వచ్చి, "ఏం రాసిండారు సార్ అందులో?" అని అడిగాడు. వాడు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్షరాలు మాత్రం తమిళంలో వచ్చు. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక బడికి పోయిన పిల్లవాడు. కథ సగందాకా చదివి వినిపించాను. మిగతా సగం ముందు అద్దానికి అంటుకుపోయి తలకిందులుగా ఉంది. మెడ వంచి అదీ చదివాను, వాడు వదలలేదు మరి.

ఫిబ్రవరి నెల ఎంచుకున్నది మేస్త్రే. గాలిలో తడి ఉంటే ఎన్‌సి రంగు ఆరుతూ ఆరుతూ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. పొద్దున మంచు విడిచాక, దుమ్ము లేవకుండా నేలమీద నీళ్ళు చల్లి, పదిగంటలకు మొదలుపెట్టాడు. గన్ను రేకునుంచి జానెడు దూరం దాటదు, దగ్గరికి రాదు, చేయి వంపు తిరగదు. ఒక వరుసలో సగం కప్పుతూ రెండో వరుస. ఆరు కోట్లు. వారం ఆగి, మళ్ళీ 1000 కాగితంతో నీళ్ళతో రుద్ది, కాంపౌండు పెట్టి గుడ్డతో తోమారు. మెరుపు అప్పుడు వచ్చింది.

లోపాలున్నాయి. కుడి తలుపుమీద నారింజతొక్కలాంటి గరుకు కొంచెం మిగిలింది. నంబరు ప్లేటు పక్కన ఒక దోమ రంగులో శాశ్వతంగా ఉంది. తలుపు తీస్తే లోపలి నీలానికీ బయటి నీలానికీ వెంట్రుకవాసి తేడా. లెక్క చూస్తే రేకుపనికి 11,000, రంగు, టిన్నర్, పుట్టీ, కాగితాలు అన్నిటికీ 8,500, కూలీ 13,000. మొత్తం 32,500. ఇందులో నీలం రంగు ధర 2,600 మాత్రమే. ముసుగులు వేరే.

నవంబరులో ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు దీపాలూ బ్రేకులూ చూసి, వంగి రన్నింగ్ బోర్డును వేళ్ళతో తట్టాడు. గట్టిగా మోగింది. 2029 దాకా ముద్ర పడింది.

నాన్నకు కంటిచూపు అంతంతమాత్రం. బండి ఇంటికొచ్చిన రోజు నా భుజం పట్టుకుని దిగి, బానెట్ మీద చేయివేసి మడ్‌గార్డు దాకా మెల్లగా తడిమారు. మడ్‌గార్డు దగ్గర ఆగి, "ఇక్కడ సొట్ట ఉండాలే" అన్నారు. తీయించేశామన్నాను. ఆ సొట్ట ఎట్లా పడిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నెలదాకా మైనం పాలిష్ పెట్టవద్దని, వానాకాలం ముందు చీపురుపుల్లతో తలుపు అడుగు కంతలు పొడవమని మేస్త్రి చెప్పిపంపాడు. ఆ పుల్ల ఇప్పుడు బండిలోనే ఉంటుంది, ఆర్‌సీ పుస్తకం పక్కన.