కడలి అంచున... కాలినడకన

సికింద్రాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ! 1974లో మొదలైన ఆ బండి పుణ్యమాని జంటనగరాల్లో ఎన్ని కుటుంబాలు వేసవి సెలవుల్లో సముద్రం చూసొచ్చాయో లెక్కలేదు. 2023 సంక్రాంతికి వందేభారత్ కూడా రావడంతో ఆ 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల ప్రయాణమైంది. ఇంతా చేసి అక్కడ చేసేదేమిటి? ఆర్కే బీచ్‌లో గంటసేపు కూర్చోవడం, మురీ మిక్చర్ తినడం, సబ్‌మెరైన్ చూడటం, కైలాసగిరి మీద ఫొటో దిగడం. మర్నాడు అరకు. సముద్రాన్ని చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. దాని పక్కన నాలుగు గంటలు నడిచినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

మెట్టుగూడలో ఉండే ఆ దంపతులు కూడా మొన్నమొన్నటిదాకా మొదటి రకమే. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా సముద్రం వైపు వెళ్లే బళ్లలోనే. కానీ కాజీపేట దాకానో, విజయవాడ దాకానో వెళ్లి, బండిని మరో గార్డుకు అప్పగించి వెనక్కి తిరగడమే. ఆవిడ విశాఖకు మూడుసార్లు వెళ్లారు, మూడూ పెళ్లిళ్లకే. కారు అద్దంలోంచి కనిపించిందే సముద్రం.

రెండేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంట్ వేశారు. రోజూ నడవమన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి నడక ఆ ఇంట్లో మందుబిళ్ల అయిపోయింది. వీధి చివరిదాకా వెళ్లడం, గడియారం చూసుకోవడం, వెనక్కి రావడం. గుమ్మంలో నిలబడి ఆవిడ ఎదురుచూడటం... అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఫోను!

కాలిఫోర్నియాలో ఉండే కూతురు ఓరోజు ఫొటోలు పంపింది. పాయింట్ లోబోస్ అని, పసిఫిక్ తీరాన ఓ రక్షిత ప్రాంతం. 1933 నుంచీ ఆ రాష్ట్ర ప్రభుత్వం కాపాడుతోంది. కొండరాళ్ల అంచున సన్నటి కాలిబాటలు. బాట పక్కన తీగ కట్టి ఉంటుంది. దాన్ని దాటి అడుగు పెట్టకూడదు. కింద నీలంగా నీళ్లు. ఫొటోలన్నీ చూశాక ఆవిడ అన్నమాట ఒక్కటే: ‘ఏమండీ, మనకూ సముద్రం ఉందిగా!’

అలా బయల్దేరారు ముగ్గురు. ఆయన, ఆవిడ, ఏడో తరగతి చదివే మనవడు.

విశాఖ నుంచి భీమిలి దాకా

తెలుగు తీరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఒండ్రు నేల చదునుగా వెళ్లి సముద్రంలో కలిసిపోతుంది. విశాఖ దగ్గర అలా కాదు. తూర్పు కనుమల కొండలు నేరుగా నీళ్ల దాకా వస్తాయి. అందుకే అక్కడ నడిచేవారికి ఒక పక్క అల, మరో పక్క కొండ. విశాఖ నుంచి భీమునిపట్నం దాకా దాదాపు పాతిక కిలోమీటర్లు. రోడ్డు సముద్రం పక్కనే సాగుతుంది కాబట్టి ఎక్కడ అలసిపోతే అక్కడ పైకొచ్చి బస్సో ఆటోనో ఎక్కేయొచ్చు. మొత్తం ఇసుక మీదే నడవడం కుదరదు. మధ్యలో నౌకాదళం స్థావరం ఉన్నచోట తీరం వెంట వెళ్లనివ్వరు, రోడ్డెక్కాల్సిందే. అందుకే వాళ్లు దారిని మూడు ముక్కలు చేసుకుని, మూడు ఉదయాలు నడిచారు.

మొదటిరోజు రుషికొండ దాటాక తెలిసొచ్చింది... ఇసుకలో నడక సిమెంటు రోడ్డు మీద నడక లాంటిది కాదని. పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది. వందడుగులకే పిక్కలు పట్టేస్తాయి. అల వెనక్కి వెళ్లాక మిగిలే తడి ఇసుక మాత్రం గట్టిగా ఉంటుంది. దాని మీద హాయిగా నడవొచ్చు. అయితే ఆ తడి పట్టీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ప్రతిరోజూ ఆ వేళ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. నిన్న ఏడింటికి నడిచిన చోట ఇవాళ ఏడింటికి నీళ్లుండొచ్చు.

ముప్పై ఏళ్లు నిమిషాల లెక్కన బతికిన మనిషికి ఈ టైమ్‌టేబుల్ కొత్త. మంగమారిపేట దగ్గర వల సర్దుకుంటున్న ఒకాయన వీళ్లను చూసి ‘పోటొచ్చే వేళయ్యింది బాబూ, రాళ్లవైపు ఎల్లకండి’ అన్నాడు. అక్కడే సముద్రం ఏళ్ల తరబడి తొలిచిన రాతి ఆర్చి ఉంది. దాని దగ్గరకు వెళ్దామని మనవడు ఒకటే గోల. తాతయ్య మాత్రం ఆగిపోయారు. సిగ్నల్ పడితే ఆగాల్సిందే కదా! మర్నాడు నీళ్లు తగ్గిన వేళ చూసుకుని వెళ్లి, తీరిగ్గా చూశారు.

తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు

రెండోరోజు తొట్లకొండ. 1976లో నౌకాదళం కోసం చేసిన సర్వేలో ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదుల వరసలు, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలూ దొరికాయి. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. రెండువేల ఏళ్ల కిందటే సముద్రం పక్కన తాగునీటి గురించి అంత ఆలోచించారన్నమాట!

పైకి కార్లు వెళ్లే రోడ్డుంది. వీళ్లు నడిచే ఎక్కారు. నూట పాతిక మీటర్ల పైచిలుకు ఎత్తు. ఆవిడ కళ్లు సముద్రం మీద లేవు, ఆయన ఛాతీ మీదే ఉన్నాయి. మలుపు మలుపుకీ ‘కాసేపు కూర్చుందామండీ, నా మోకాళ్లు లాగుతున్నాయి’ అంటూ వచ్చారు. మూడోసారికి ఆయనకు అర్థమైంది. ఆ మోకాళ్లకు నిజంగా నొప్పేమీ లేదు, ఆ భయమంతా తన గురించేనని. ఏమీ అనలేదు. గడియారం తీసి జేబులో వేసుకుని పక్కన కూర్చున్నారు. పైకి చేరడానికి గంట పట్టింది. అక్కణ్నుంచి చూస్తే భీమిలి వైపు తీరమంతా వంపు తిరిగి కనిపిస్తుంది. స్టెంట్ వేశాక ఇంత దూరం ఆయన భయం లేకుండా నడవడం అదే మొదటిసారి. ఆవిడ భయపడకుండా కూర్చోగలిగిందీ అక్కడికి చేరాకే.

ఎర్రమట్టి దిబ్బలు... అడుగు జాగ్రత్త!

మూడోరోజు భీమిలికి ఇవతలే ఎర్రమట్టి దిబ్బలు. సికింద్రాబాద్ వాళ్లకు రాళ్లు కొత్తకాదు. మౌలాలీ గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని ముందు ఈ దిబ్బలు పసిపిల్లలు! చివరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా దిగిపోయింది. అప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి వేల ఏళ్లపాటు ఎత్తి పోసింది. ఇసుకలోని ఖనిజాల ఇనుము తుప్పులా మారి రేణువులకు పట్టుకోవడంతో ఎర్రరంగు వచ్చింది. ఆపైన వాననీరు కోసేస్తే లోయలు, గోడలు, ఇరుకు సందులు ఏర్పడ్డాయి. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని భౌగోళిక వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

ఇంత పేరున్న చోటు ఎంత బలహీనమో మనవడి కాలికి తెలిసింది. ఎర్రగోడ అంచు మీదికి ఎక్కాడో లేదో బండెడు ఇసుక జారిపోయి, వాడు నడుము దాకా కూరుకుపోయాడు. దెబ్బేమీ తగల్లేదు. దగ్గర్లో మేకలు కాసుకుంటున్న ఆయన వచ్చి చెయ్యిచ్చి లాగాడు. ‘వానకే కరిగిపోద్ది బాబూ, నువ్వు కాలెడితే ఆగుద్దా?’ అన్నాడు. ‘మళ్లీ పెరుగుతుందా?’ అనడిగాడు మనవడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పెరగదు. దాన్ని పోసిన ఆ సముద్రమూ ఆ గాలీ ఇప్పుడు అలా లేవు.

కాలిఫోర్నియా బాట పక్కన ఆ తీగ ఎందుకో ఆ పూట పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇక్కడ అడుగడుగునా తీగల్లేవు. కాళ్లకే కాదు, యంత్రాలకీ అడ్డు తక్కువే. 2024 జులైలో ఇళ్లస్థలాల కోసం దిబ్బల పక్కన నేల చదును చేయడం మొదలైతే, పర్యావరణవేత్తలు, స్థానికులు గొంతెత్తాకే పనులు ఆగాయి. పాతిక కిలోమీటర్ల ఈ తీరానికి గుర్తులు పెట్టిన బాట ఒకటి ఉంటే, ఎక్కడ నడవాలో, ఎక్కడ ఆగాలో జనానికి తెలుస్తుంది. వేల్స్ దేశం తన తీరమంతా చుట్టివచ్చేలా 1400 కిలోమీటర్ల కాలిబాటను 2012లో తెరిచింది. మన దగ్గర పాతిక కిలోమీటర్లు అంత కష్టమా?

మీరూ వెళ్తారా?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సూర్యోదయానికే నడక మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా నీడ చేరుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పాదాన్ని పట్టి ఉంచే చెప్పులు తప్పనిసరి. ఒడ్డు ఒకవైపుకి వాలుగా ఉంటుంది కాబట్టి, ఎప్పుడూ ఒకే దిక్కుకు నడిస్తే ఒక మోకాలిమీదే భారం పడుతుంది. కాసేపు వెనక్కి తిరిగి నడవండి. పోటు వేళ మత్స్యకారుల్ని అడగండి. ఈతకు దిగొద్దు, ఇక్కడి నీళ్లలో లోపలికి లాగే గుంజుడు ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్‌రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, రాత్రిపూట టార్చిలైట్లతో తిరగొద్దు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే బయల్దేరండి. ఎర్రమట్టి దిబ్బల్లో కింది దారిలోనే నడవండి, అంచులెక్కొద్దు, మట్టి తీసుకెళ్లొద్దు. మీ తర్వాత వచ్చే పిల్లలకూ ఆ ఎరుపు కనిపించాలి మరి.