ఇంటి భాషకు సొంత పనిముట్లు

విజయనగర రాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి వలస వచ్చిన రాజు కులస్థులు స్థిరపడిన ఊరు తమిళనాడులోని రాజపాళయం. ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. నోరారా తెలుగు మాట్లాడేవాళ్లకు కూడా రాయాలంటే చెయ్యి ఆడదు. ఈ లోటు తలుచుకున్నప్పుడల్లా నా మనసు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికే పోతుంది.

లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో, టైపింగు పద్ధతులు మార్చే ఐబస్ అమరికలు తెరిచి, తెలుగు ఆర్‌టీఎస్ పద్ధతిని చేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ కీబోర్డు మీదే పలుకును బట్టి తెలుగక్షరాలు పడతాయి. పక్కనే తమిళమూ ఉంచుకోవచ్చు. అక్షరాలకు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లున్నాయి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్ ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది కూడా మీడియావికీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో డబ్బు మిగలడం చిన్న లాభం. వాడుకోవడానికి, లోపల ఎలా పనిచేస్తుందో చూడడానికి, మార్చుకోవడానికి, నలుగురికీ పంచడానికి హక్కు ఉండడమే అసలు లాభం. కొనేవాళ్లు తక్కువైతే కంపెనీ ఒక భాషను పక్కన పెట్టేయవచ్చు. సాఫ్ట్‌వేర్ మూలం (సోర్స్ కోడ్) అందరి చేతిలో ఉంటే, పట్టించుకునే ఒక్క మనిషైనా దాన్ని కొనసాగించగలడు. పరాయి రాష్ట్రంలో బతుకుతున్న భాషకు ఇంతకన్నా భరోసా ఏం కావాలి?

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే పారేయకండి. లైనక్స్ వేసి పిల్లలకివ్వండి. మొదట వాళ్ల పేరు తెలుగులో రాయించండి.