వాసన లేని వంట, వంట లేని ఇల్లు

మా ఇంట్లో పగలు వంటల కార్యక్రమం, రాత్రి ధారావాహిక. చాలా ఏళ్ళుగా ఇదే నియమం. ముప్పై మూడేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించి వచ్చిన నాకు ఈ రెండూ కంటగింపుగానే ఉండేవి. అయినా పడకకుర్చీలో పుస్తకం అడ్డుపెట్టుకొని, చూడనట్టు నటిస్తూ చూసేవాణ్ణి. ఓరకంట చూసినా చూసినట్టే కనుక నన్నూ ప్రేక్షకుల్లో ఒకడిగా లెక్కించి, ఈ నాలుగు మాటలూ చిత్తగించమని చదువరులను వేడుకుంటున్నాను.

ముందుగా వంటల సంగతి. తెర మీది వంటింట్లో ఉల్లిపాయలు ముందే తరిగి ఉంటాయి. చింతపండు ముందే నాని ఉంటుంది. గాజు గిన్నెల్లో పసుపు, కారం, ధనియాల పొడి రంగవల్లికి సిద్ధం చేసిన రంగుల్లా వరుసగా కొలువుతీరి ఉంటాయి. పొయ్యి వెలిగించింది మొదలు వడ్డన దాకా పది నిమిషాలు. మధ్యలో పొగ లేదు, కళ్ళ నీళ్ళు లేవు, గిన్నె అడుగంటదు, కుక్కరు మొండికెయ్యదు. చివరికి కార్యక్రమం నడిపే అమ్మాయి ఒక చెంచాడు నోట పెట్టుకొని, అది గొంతు దిగకముందే కళ్ళు మూసి "సూపర్" అంటుంది. నేను చూసిన ఇన్నేళ్ళలో "అమ్మా, ఉప్పు కాస్త తగ్గింది" అన్నవారు ఒక్కరూ లేరు. షడ్రసాలకూ కలిపి ఒకటే మాట అయినప్పుడు ఇక ఆరు రసాలెందుకు?

పాత కొలతలు పోయాయని నాకు దిగులు లేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా అమ్మ వేళ్ళ మీద చెప్పేది. ఇప్పుడు కప్పు, చెంచా వచ్చాయి. కొలత కాలాన్ని బట్టి మారుతుంది, మారనివ్వండి. పోకూడనివి వేరే ఉన్నాయి. ఒక్క పనికి పోపు, తాలింపు, తిరగమోత అని మూడు మాటలున్న భాష మనది. మన వంటింట్లో పాలు కాగుతాయి, నీళ్ళు మరుగుతాయి, పప్పు ఉడుకుతుంది, వంకాయ మగ్గుతుంది, కూర ఇగురుతుంది, పులుసు తెర్లుతుంది. నిప్పు మీద జరిగే ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క క్రియ. తెర మీద ఇవన్నీ కలిసి "కుక్ అవుతాయి". మాట పోతే ఏమిటి, వంట ఉంది కదా అని మీరు అడగవచ్చు. మాట పోతే ఏం పోతుందో నాకూ సరిగా తెలియదు, 2021 దాకా. ఆ సంగతికి తరువాత వస్తాను.

శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. వానాకాలంలో కట్టెలు తడిసి మండవు కనుక ఎండిన కొబ్బరిచిప్పలు వంటచెరకు అవుతాయి. ఆ పూటకు అన్నం, పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవి వచ్చిందా, గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు. ఏ కట్టె మండుతుంది, బయట వానా ఎండా, విస్తరి ముందు కూర్చున్న బాటసారికి ఏది హితవు అన్నది సామ్రాజ్యం ఏలిన రాజుకు పట్టింది. మన తెర మీది వంటింటికి ఋతువు లేదు, పొయ్యి కష్టం లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఆకలితో ఎదురుచూసే మనిషి లేడు. తినేవాడు లేని వంట అది.

ఇక ధారావాహికలు. వీటి మీద నాకు పుట్టుద్వేషమేమీ లేదు. 1987, 88 సంవత్సరాల్లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' వస్తుంటే వీధులు నిర్మానుష్యమైన సంగతి నాకు స్వానుభవం. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు దానిని మళ్ళీ ప్రసారం చేస్తే, ముప్పై ఏళ్ళ నాటి ముఖాలను మళ్ళీ పలకరించినట్టు చూశాం. నా ఫిర్యాదు వేరు. నేటి ధారావాహికల్లో ఇల్లు ఉంటుంది, ఇంట్లో వంటగది ఉంటుంది, వంట మాత్రం ఉండదు. పట్టుచీర కట్టి, మెడనిండా నగలు దిగేసుకున్న కోడలు పొయ్యి దగ్గర నిలబడి కన్నీరు కారుస్తుంది. ఆమె అటు తిరగగానే తోటికోడలు వచ్చి పాయసంలో గుప్పెడు ఉప్పు వేసి పోతుంది. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. తొలి ముద్ద పెదవి దాకా వెళ్తుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడి "ఆగండి!" అంటారు. ఇన్నేళ్ళలో ఏ కుటుంబమూ పెరుగన్నం దాకా వెళ్ళగా నేను చూడలేదు. ఇంతమంది ఇన్ని సంవత్సరాలు నిరాహారంగా ఎలా బతుకుతున్నారో!

న్యాయంగా ఒక మినహాయింపు చెప్పాలి. 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీక దీపం' మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. అందులో నాయిక దీప ఒంటి రంగు వల్ల చిన్నచూపుకు గురై, భర్త అనుమానం వల్ల ఇల్లు విడిచి, వంట చేసి అమ్ముకుంటూ కూతుర్ని పెంచుతుంది. జనం ఆమెను పాత్ర పేరుతో కాక "వంటలక్క" అనే పిలుచుకున్నారు. పేరు పెట్టడంలో జనం పండితులకేమీ తీసిపోరు. అభిమానంతో నిండిన ఆ పిలుపులో గరిటె పట్టి బతికే ఆడదానికి ఒక మర్యాద ఉంది. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ కూడా పదిమందికి వండిపెట్టి బతికిన స్త్రీయే. ఆమెను చూసి నవ్వుకున్నాం, ఆమె చీపురు చూసి మరీ నవ్వుకున్నాం, ఆమె చేతి అన్నం సంగతి ఎవరమూ అడగలేదు. వంటలక్క దగ్గరికి వచ్చేసరికి జనం గరిటెనే గుర్తు పెట్టుకున్నారు.

మా ఆవిడ ఆ ధారావాహికకు పరమభక్తురాలు. 2018 చివర్లో ఆమె కుడిచేతి మణికట్టు విరిగింది. వంటిల్లు నా చేతికి వచ్చింది. పండితుణ్ణి కదా, గురుముఖతః నేర్వాలని పగటి కార్యక్రమం ముందు కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాను. గుత్తివంకాయ కూర తెర మీద పది నిమిషాల్లో అయింది. నాకు గంటన్నర పట్టింది. వంకాయలు పైన మాడి, లోపల పచ్చిగా మిగిలాయి. రాసుకున్న కాగితంలో ఒక్క అక్షరం తప్పులేదు.

అసలు గురువు హాల్లో ఉన్నదని అప్పుడు తెలిసింది. చేతికి కట్టుతో ధారావాహికలో లీనమై, చూపు తెర మీద నుంచి మరల్చకుండానే ఆమె కేకవేసేది. "ఏమండీ, ఆవాలు చిటపటలాడి చాలాసేపయింది, ఇంగువ వెయ్యండి." కాసేపటికి మళ్ళీ, "వాసన మారింది, మంట తగ్గించండి." వంటింటికీ హాలుకూ నడుమ గోడ ఉంది. ఆమెకు కనిపించేది వంటలక్క వంట, నడిపించేది నా వంట. నేను పొయ్యి ముందే నిలబడి కనిపెట్టలేని మార్పును ఆమె అక్కడి నుంచి పట్టేది. అప్పటిదాకా ధారావాహిక ముందు ఆమె కాలం వృథా చేస్తున్నదనే నా భావం. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడిన మనిషి అరగంట కూర్చోవడానికి దొరికిన పీట అది అని అప్పటికి గ్రహించాను.

2021 మే నెలలో మా ఇద్దరికీ కరోనా వచ్చింది. ఆసుపత్రి దాకా వెళ్ళకుండానే గట్టెక్కాం. నాకు దగ్గు మిగిలింది. ఆమెకు వాసన పోయింది. నాలుకకు ఉప్పు, పులుపు, కారం తెలిసేవి. కానీ ఆ పులుపు గోంగూరదో చింతపండుదో తెలిసేది కాదు. పది రోజుల్లో వస్తుందన్నారు, రాలేదు. నెల దాటింది, రాలేదు. ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది కానీ ప్రతి నిమిషం మూత తీసి చూసేది. పోపు రంగు చూసేది, పప్పు మెదిపి చూసేది. ఒకరోజు చారు దించి, గరిటె పక్కన పెట్టి, "ఇప్పుడు నా వంటా టీవీలో వంటలాగే ఉందండీ" అంది. నేను బదులు చెప్పలేకపోయాను.

అంతవరకూ నేను గమనించని విషయం ఇంకొకటి ఉంది. వంటల కార్యక్రమంలో ఎవరు ఏది వండినా, అల్లం వెల్లుల్లి ముద్ద వేశాక ఒక మాట తప్పక అంటారు. "పచ్చివాసన పోయేదాకా వేయించాలి." ఎన్ని ఆంగ్లపదాలు దొర్లినా ఆ ఒక్కటి మాత్రం తెలుగులోనే మిగిలింది, దానికి బదులు మరో మాట దొరకలేదు కాబోలు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తెర మీద ఆ మాట వినబడగానే మా ఆవిడ రిమోట్ తీసి టీవీ ఆపేసింది. తరువాత చాలా రోజులు ఆ కార్యక్రమం పెట్టలేదు. ధారావాహిక మాత్రం మానలేదు. అక్కడ ఎవరూ వాసన చూడమని అడగరు కదా!

అప్పటి నుంచి నేను ఆమె పక్కన నిలబడి ముక్కు పని చేశాను. "ఎలా ఉంది వాసన?" అని అడిగేది. "బాగుంది" అన్నాను మొదటిరోజు. "బాగుందంటే నాకేం తెలుస్తుంది? పచ్చిగా ఉందా, కమ్మగా వస్తోందా, మాడుకు తిరుగుతోందా?" అంది. కావ్యాల్లో వర్ణనలకు పుటలకొద్దీ వ్యాఖ్యానం చెప్పినవాణ్ణి, ధనియాలు వేగే వాసనకు మాట వెతుక్కున్నాను. తెర మీది అమ్మాయి "సూపర్" అంటే నవ్వినవాణ్ణి, నా దగ్గర ఉన్నదీ అంతకంటే పెద్ద మాటేమీ కాదు. మెల్లగా నేర్చుకున్నాను. పచ్చివాసన, కమ్మదనం, కమురు, చిమచిమ, ఘాటు, ముక్కవాసన, మాడు. ఇవి నిఘంటువులో పదాలు కావు, ఆమెకు పొయ్యి మీద ఏం జరుగుతున్నదో చెప్పే కబుర్లు. వాటిలో ఒకటి తప్పితే కూర తప్పేది. మాట పోతే ఏం పోతుందో ఇప్పుడు నాకు తెలుసు.

భారతంలో నలుడు వికృతరూపంతో బాహుకుడై ఉన్నప్పుడు, అతడు వండిన మాంసాన్ని దమయంతి తెప్పించుకొని రుచి చూసి, ఇది నా భర్త చేతి వంటే అని పోల్చుకుంటుంది. కళ్ళు చెప్పలేనిది నాలుక చెప్పింది. ఆ కథ ఎన్ని తరగతుల్లో చెప్పానో! నలుని పాకనైపుణ్యానికి ఉదాహరణగా చెప్పి ముందుకు పోయేవాణ్ణి. అందులోని నైపుణ్యం సగం దమయంతిదని మా ఆవిడ తన చేతి చారును తానే పోల్చుకోలేక కూర్చున్న రోజుల్లో అర్థమైంది.

ఆ సంవత్సరం కార్తీకమాసంలో ఒక రాత్రి, ధారావాహిక మంచి పట్టులో ఉండగా, ఆమె తల తిప్పకుండా "పాలు పొయ్యి మీద మరిచారా?" అంది. పరుగెత్తాను. పొంగి, పొర్లి, అడుగంటి, గిన్నె నల్లబడింది. నేను తిరిగి వచ్చేసరికి ఆమె టీవీ వైపు చూడడం లేదు. గుమ్మంలో నిలబడి ఉంది. "మాడువాసన వచ్చిందండీ" అంది, నమ్మలేనట్టు. పోయిన అర లీటరు పాలకు ఆ రాత్రి ఇద్దరం కలిసి సంతోషించాం. ధారావాహికలో ఏం జరిగిందో మర్నాడు పక్కింటావిడ చెబితే తెలిసింది.

వాసన పూర్తిగా తిరిగి రాలేదు. ఇంగువ తెలుస్తుంది, కరివేపాకు తెలుస్తుంది. ఉల్లిపాయ వేగుతుంటే మాత్రం ఇప్పటికీ ఆమెకు వేరే ఏదో దుర్వాసన వస్తుంది, అందుకని ఉల్లి వేసే కూరలు నావి. వంటల కార్యక్రమం మళ్ళీ చూస్తున్నాం, ఈసారి పుస్తకం అడ్డు లేకుండా. గాజు గిన్నెలను, పది నిమిషాల వంటను క్షమించేశాను. "సూపర్" దగ్గర మాత్రం ఇప్పటికీ ఇద్దరం ఒకేసారి "ఎలా ఉందో చెప్పమ్మా!" అంటాం. ఆ అమ్మాయికి వినబడదనుకోండి.