విరిగిన రెక్క

మోటారు సైకిలు వీధిలో పోవుచుండగా చూపరుల దృష్టి దాని చక్రములపైనను, రంగుపైనను నిలుచును. దానిని నడపు శక్తి యంతయు ఒక చిన్న ఇనుపగొట్టములో పుట్టుచున్నదని తలచువారు అరుదు. ఆ గొట్టమే సిలిండరు. దానిలో పిస్టను నిమిషమునకు కొన్ని వేలసార్లు క్రిందికిని మీదికిని తిరుగుచుండును. ఎంత గట్టి ఇనుమైనను ఇన్ని యేండ్ల రాపిడికి అరుగక తప్పదు.

విజయవాడలోని ఆటోనగరు వాహనములు బాగుచేయు పనివారికి పేరుపొందిన చోటు. అచ్చటి యొక చిన్న పనిశాలకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన పాత బుల్లెట్టును తెచ్చెను. అది 1960వ దశకమున మద్రాసు చెంత తిరువొత్తియూరులో తయారైనది. ఇంగ్లండులో పుట్టిన ఆ బండ్లను మన దేశమున చేయుటకై 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది.

ఉపాధ్యాయుని తండ్రి పశువైద్యుడు. దివిసీమ పల్లెలలో పశువునకు జబ్బు చేసినదని కబురు వచ్చినచో వాన యనక, రాత్రి యనక ఆ బండిపై పోయెడివాడు. ఒకనాటి రాత్రి ఈనలేక బాధపడుచున్న గేదె కొరకు పోవుచు కాలువగట్టున జారిపడెను. సిలిండరు చుట్టునున్న రెక్కలలో ఒకదాని కొన రాతికి తగిలి విరిగెను. ఆయన బండిని లేవనెత్తుకొని మరల సాగిపోయెను. గేదెయు, దూడయు బ్రతికినవి. తండ్రి గతించిన పిదప ఆ విరిగిన రెక్క కుమారునకు ఆయన చేవ్రాలువలె తోచుచుండెను.

కొంతకాలముగా బండి నీలిపొగ విడుచుచుండెను. వృద్ధుడైన మేస్త్రి ఇంజను విప్పి, సిలిండరు లోపలిని కొలిచెను. పైభాగమున అరుగుదల మెండుగా నుండెను. అచ్చట వేడిమి యధికము, నూనె యల్పము. అరిగిన సిలిండరును కొంచెము పెద్దదిగా తొలిచి, పెద్ద పిస్టను వేయుట వాడుక. కాని ఈ సిలిండరును మునుపే పలుమార్లు తొలిచియుండిరి. ఇక దానికి సరిపడు పిస్టను లభింపదు.

"మేస్త్రిగారూ! క్రొత్త సిలిండరే వేయరాదా?" అని పని నేర్చుకొనుచున్న బాలుడు అడిగెను. ఉపాధ్యాయుడు మాటాడక విరిగిన రెక్కను నిమురుచుండెను. మేస్త్రి అది గమనించి, "అవసరము లేదు, నాయనా! స్లీవు వేయుదము" అనెను.

స్లీవనగా పలుచని పోతయినుప గొట్టము. పాత సిలిండరును 75 మిల్లీమీటర్లకు తొలిచి స్లీవును అందు దింపవలెను. పిదప స్లీవు లోపలిని 70 మిల్లీమీటర్లకు తొలువవలెను. ఆ కొలతలో పిస్టను 90 మిల్లీమీటర్లు నడచినచో 346 ఘన సెంటీమీటర్ల చోటు ఏర్పడును. బండి పుట్టిననాటి కొలత అదియే.

స్లీవు తన రంధ్రముకంటె మిల్లీమీటరులో ఇరువదవ వంతు పెద్దదిగా నుండెను. బాలుడు ఆశ్చర్యపడి, "పెద్దది చిన్నదానిలోనికి ఎట్లు పోవును?" అనెను.

"కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగుట చూడలేదా? పట్టాను కాల్చి తొడుగును. చల్లారగానే అది చక్రమును బిగియబట్టును. ఇదియు అంతియే. వదులుగా నున్నచో నడుమ గాలిపొర నిలుచును. వేడిమి రెక్కలకు చేరదు. పిస్టను పట్టివేయును."

సిలిండరును కొలిమిపెట్టెలో 200 డిగ్రీలవరకు వేడిచేసిరి. ఆ వేడికి రంధ్రము మిల్లీమీటరులో ఏడవ వంతు విప్పారును. స్లీవును మంచుగడ్డలలో నుంచి, తీసి, తడి లేకుండ తుడిచిరి. వేడి సిలిండరును తాకగానే స్లీవును వేడెక్కి ఉబ్బసాగును. కనుక పని క్షణములలో ముగియవలెను.

బాలుడు స్లీవును దింపెను. చేయి కొంచెము వణికినది. స్లీవు ఒరిగి, అంగుళము లోతుననే నిలిచిపోయెను. వాడు తత్తరపడి సుత్తి యందుకొనెను.

"సుత్తి ముట్టకుము!" అని మేస్త్రి కేకవేసి, స్లీవు బిగియకముందే పట్టి పైకి లాగివేసెను. ఉపాధ్యాయుని ముఖము పాలిపోయెను. బాలుడు తల వంచుకొనెను.

మేస్త్రి వానిని తిట్టలేదు. "నీ యీడున నేను సుత్తితో కొట్టితిని. సిలిండరు పగిలినది. దాని యజమాని నన్నేమియు అనలేదు. అదియే నన్నింతవరకు బాధించుచున్నది. తప్పు తెలిసినప్పుడు వెనుకకు తీయుటకు సిగ్గుపడరాదు, నాయనా! మరల వేడిచేయుము" అనెను.

సిలిండరును మరల కొలిమిపెట్టెలోను, స్లీవును మరల మంచులోను ఉంచిరి. ఈ పర్యాయమును బాలునిచేతనే దింపించెను. స్లీవు నిటారుగా జారి, దాని అంచు పైపీటమీద ఠంగున కూర్చుండెను.

చల్లారిన పిదప లోపలిని తొలిచి, సానరాళ్లతో అడ్డదిడ్డముగా సన్నని గీతలు గీసిరి. నూనె నిలుచుట కాగీతలే ఆధారము. అల్యూమినియపు పిస్టను ఇనుముకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. అందుచే పిస్టనుకును స్లీవుకును నడుమ తగిన సందు విడిచిరి. స్లీవు వెలుపల బిగువెంత అవసరమో, లోపల ఆ సందు అంత అవసరము.

మూడవనాటి సాయంకాలమున ఇంజను పలికెను. పొగ లేదు. "కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపుడు. క్రొత్తవి రెండును ఒకదానికొకటి అలవాటుపడవలెను" అని మేస్త్రి చెప్పెను. ఉపాధ్యాయుడు బాలుని పిలిచి వెనుక కూర్చుండబెట్టుకొని, బండిని నెమ్మదిగా వీధిలోనికి పోనిచ్చెను. విరిగిన రెక్క విరిగినట్లే యుండెను. దానిని సరిచేయుమని ఆయన కోరలేదు, మేస్త్రియు అడుగలేదు.