సింగపూరు పద్దు

మా యింటి పద్దుపుస్తకములో 2024 వేసవినాటి పుట యొకటి మాత్రము రూపాయలలో గాక డాలర్లలో వ్రాయబడి యున్నది. అది మా సింగపూరు యాత్రకు చెందినది. తాడేపల్లినుండి కృష్ణ దాటి బెజవాడలో సరకులు కొనుటకే ముందుగా లెక్క వ్రాసికొను సంసారము మాది. నా పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నొసగిన మిరపచేని కౌలుసొమ్మును నాలుగేండ్లు కూడబెట్టి, మావారిని, పిల్లల నిద్దరిని, అత్తగారిని వెంటబెట్టుకొని బయలుదేరితిని. సొమ్ము నాదగుటచే నందరికంటె భయమును నాకే యధికము.

విమానపు టిక్కెట్లకును బసకును ముందే చెల్లించితిమి. మిగిలినవి అయిదు దినముల తిండియు, తిరుగుడును. దినమునకు 100 డాలర్ల చొప్పున 500 డాలర్ల నోట్లు కొంటిమి. అప్పుడు వారి డాలరు సుమారు 62 రూపాయలు. మొత్తము 31 వేలు. (సింగపూరు డాలరు వేరు, అమెరికా డాలరు వేరు; మొదటిది చౌక. ఈ సంగతి మా ప్రక్కింటివారికి బోధపడులోపల మేము లక్షాధికారుల మైపోతిమి.)

తొలిరాత్రి యొక భోజనశాలలో ధరలపట్టిక చూచి, 50 డాలర్లగు ననుకొంటిమి. ధరల ప్రక్కన రెండేసి కూడిక గుర్తులుండెను. నూటికి పది సేవారుసుము, దానిపైన నూటికి తొమ్మిది పన్ను అని వాని భావమట! బిల్లు 60 డాలర్లకు చేరెను. మావారు కార్డు నిచ్చిరి. యంత్రము రూపాయలలో చెల్లింతురా, డాలర్లలోనా యని యడుగగా, తెలిసిన నాణెమే మేలని వారు రూపాయలు నొక్కిరి. అట్లు నొక్కినచో మారకపు ధరను అంగడివైపు వారే తమకు లాభముగా కట్టుకొందురు. డాలర్లనే నొక్కవలసినది.

అంతకంటె పెద్ద తప్పు నాది. "మూడువేల యేడువందల యిరువది రూపాయలు!" అని అందరు వినునట్లు లెక్కగట్టితిని. అత్తగారు విని యూరకుండిరి.

మరునాడు శనివారము, ఒంటిపూట యనిరి. నిజమే, ఇంటివద్దను చేయుదురు. ఆ మరునాడు ఏకాదశి యనిరి. నేను నమ్మితిని; పరదేశములో పంచాంగ మెవరు చూతురు? మధ్యాహ్నము రైలుస్టేషను మెట్లు దిగుచు, కన్నులు తిరుగుచున్నవని ఆమె గోడ నానుకొని కూలబడిరి. చేతిసంచి తీసి చూతును గదా, ఇంటినుండి తెచ్చిన జంతికల డబ్బా అడుగంటియున్నది. ఏకాదశి కింకను నాలుగు దినములున్నది.

"అత్తయ్యగారూ, ఇదేమి పని?" అంటిని.

"కాఫీ డాలరున్నరయట, అమ్మాయీ. తొంబదిమూడు రూపాయలు! ఇంటివద్ద లీటరు పాలకు పైబడును. కోడలి చేనిసొమ్ము నేను త్రాగివేయుదునా?" అనిరి.

నాకు నోట మాట రాలేదు. రెండుదినములుగా మిగిలిన చిల్లర చూచి నేను మురిసితిని. ఆ చిల్లర యెవరి కడుపునుండి వచ్చినదో యెరుగను.

ఆ రాత్రి, మిగిలిన రెండు దినములకు రెండు కవరులలో నూరేసి డాలర్లుంచి ఆమె చేతికిచ్చితిని. "ఇకమీదట ఖర్చు మీది. రూపాయల మాట యెత్తవలదు. ఆ మారకము ఇంటివద్దనే యైపోయినది. మిగిల్చి వెనుకకు తీసికొనిపోయినను, తిరిగి మార్చునపుడు మరికొంత తరుగును" అంటిని. ఆమె కవరును కొంగున ముడివేసికొనిరి.

మరునాడు ఆమె వేరు మనిషి. లిటిల్ ఇండియాలోని తెక్కా సెంటరుకు మమ్ము నడిపించుకొని పోయి, నాలుగు దుకాణముల ధరలడిగి, దోసె లెక్కడ చౌకయో తేల్చిరి. అట్టి చోట్ల సేవారుసుము లేదు. ఆ యూర కుళాయినీరు త్రాగదగినదని తెలిసికొని, బసలోనే సీసాలు నింపించిరి. వృక్షోద్యానమునకు ప్రవేశరుసుము లేదు గనుక పిల్లలను పూటంతయు నచటనే తిప్పిరి. లోపలి ఆర్కిడ్ల తోటకు మాత్రము టిక్కెట్టు గలదు. నేను వెనుకాడుచుండగా ఆమెయే కొంగుముడి విప్పి, "నూటిలో నిది యెంత? ఉదయము దోసెలలో మిగిల్చితిమి గదా, రండు" అనిరి. నూరు డాలర్లలో డాలరున్నర యెంతయో ఆమెకు దెలిసినది. తొంబదిమూడు రూపాయలన్న మాట మరల వినరాలేదు. ఆమె లెక్కకు నా లెక్క యేపాటి? ఆ దినపు పద్దు ఆమె చెప్పగా నేను వ్రాసితిని.

తిరుగుప్రయాణమున విమానాశ్రయములో కవరున ఏడు డాలర్లు మిగిలెను. నేను పిల్లల సామాను చూచుచుండగా అత్తగారు కనబడలేదు. గుండె గుభేలుమన్నది. ఇంతలో రెండు గ్లాసులతో వచ్చి, ఒకటి నా చేతికిచ్చి, రెండవది తాము త్రాగి, "తీపి యెక్కువైనది" అనిరి.