కోళ్ళ షెడ్డులో కరెంటు సంగీతం!

డీజే అనగానే మీకేం గుర్తొస్తుంది? 2022లో వచ్చిన 'డీజే టిల్లు'లో సిద్ధు జొన్నలగడ్డ చేసిన హంగామా గుర్తొస్తుంది. లేదూ, పెళ్ళి బరాత్‌లో లారీ ఎక్కిన స్పీకర్లూ, కిటికీ అద్దాలను గడగడలాడించే తీన్మార్ దెబ్బా గుర్తొస్తాయి. నేనిప్పుడు చెప్పబోయే వాళ్ళు ఆ బాపతు కాదు. వీళ్ళు పాటలు వెయ్యరు. ఆ మాటకొస్తే వీళ్ళలో కొందరికి పాటంటేనే పడదు! మరేం చేస్తారయ్యా అంటారా? అది చూద్దామనే ఓ శనివారం సాయంత్రం బహదూర్‌పల్లి బయల్దేరాను.

కొంపల్లి నుంచి దూలపల్లి మీదుగా వెడితే దారి భలే బావుంటుంది. ఫారెస్ట్ అకాడమీ, దాని చుట్టూ చెట్లు, హఠాత్తుగా నాలుగు డిగ్రీలు తగ్గినట్టుండే గాలి. ఆ చెట్లు దాటగానే మళ్ళీ సిమెంటు లారీలు, అపార్టుమెంట్ల బోర్డులు! ఒకప్పుడు ఈ మేడ్చల్ వైపంతా ద్రాక్షతోటలూ కోళ్ళ ఫారాలూ. తర్వాత సత్యం కంప్యూటర్స్ వాళ్ళ పెద్ద క్యాంపస్ వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం బయటపడి దేశమంతా గగ్గోలెత్తాక, అదే ఏడాది ఆ కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. ఆ ఆవరణలోనే 2014లో ఇంజనీరింగ్ కాలేజీ, 2020లో అదే మహీంద్రా యూనివర్సిటీ. ఇటు పక్కన దుండిగల్‌లో 1971 నుంచీ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. కుర్రకారుకి కొదవ లేదు, చప్పుళ్ళకీ కొదవ లేదు. పగలు నెత్తిమీద ట్రైనింగ్ విమానాలు, రాత్రి ఫంక్షన్ హాళ్ళు.

నేను వెళ్ళిన చోటుకి బోర్డు లేదు. అదొక పాత కోళ్ళ షెడ్డు. కోళ్ళు పోయి ఏళ్ళయింది గానీ, వాన పడితే ఆ వాసన మాత్రం పలకరిస్తుందట. రేకుల కప్పు, జాలీ గోడలు, ఓ మూల నాలుగు స్పీకర్లు, రెండు టేబుళ్ళు. టిక్కెట్టు అయిదొందలు, అందులోనే చాయ్, మిర్చి బజ్జీ. మందు లేదు. జనం లెక్కపెట్టాను... అరవై మూడు! వాళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేర్, తక్కిన సగం స్టూడెంట్లు.

మొదటి కుర్రాడు ఓ పెట్టె తెరిచాడు. లోపలంతా మీటలు, చిల్లులు, వాటి మధ్య రంగురంగుల తీగలు. అచ్చం పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరమ్మ ముందుండే బోర్డులా ఉంది. దాన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. సంగతేమిటంటే, అందులో ఒక భాగం కరెంటుని వణికించి స్వరం పుట్టిస్తుంది. ఇంకోటి ఆ స్వరాన్ని జల్లెడ పడుతుంది. మరోటి ఎంతసేపు మోగాలో, ఎలా చల్లారాలో చెబుతుంది. తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి గుచ్చితే చప్పుడు అలా మారిపోతుంది. నెల జీతాలు ఒక్కొక్క ముక్కకీ పోసి కొన్నాడట. పగలు సినిమాలకి సౌండ్ పని చేస్తాడు. తెరమీద హీరో తలుపు వేస్తే ఆ 'ధడేల్' ఇతనిదే! చీకట్లో వాన దూరం నుంచి దగ్గరికొస్తున్నట్టు ఓ ఇరవై నిమిషాలు వాయించాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం నన్ను పక్కకి పిలిచి, "సార్, పాటెప్పుడు షురూ అయితది?" అని అడిగాడు.

రెండో వాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. లాప్‌టాప్ ముందు నిలబడి నలభై నిమిషాలు ఇస్త్రీ చేస్తున్నట్టు ఊగారు. కొత్తదనం పేరు చెప్పి బోరు కొడితే బోరు బోరే!

మధ్యలో చాయ్ విరామం. అక్కడ కుర్రాళ్ళంతా ఒక పేరు జపం చేస్తున్నారు... చరణ్‌జిత్ సింగ్! సినిమా పాఠకులు ఈయన్ని తెలుసుకుని తీరాలి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన సర్దార్జీ. 1982లో రోలాండ్ వాళ్ళ మెషీన్లు మూడు ముందేసుకుని, పది రాగాలని డిస్కో దెబ్బ మీద పరిగెత్తించి రికార్డు చేశాడు. అప్పుడెవరూ కొనలేదు. వాటిలో టీబీ-303 అనే చిన్న పెట్టె బేస్ గిటార్‌కి బదులుగా చేసింది; అదీ అమ్ముడుపోక కంపెనీ మానేసింది. చికాగో కుర్రాళ్ళు 1987లో అదే పెట్టెతో 'యాసిడ్ హౌస్' అని కొత్త సంగీతం పుట్టించి ప్రపంచాన్ని ఊపేశారు. మరి మన సర్దార్జీ అయిదేళ్ళ ముందే ఆ చప్పుడు తీశాడుగా! 2010లో ఆ రికార్డు మళ్ళీ వేస్తే విదేశాల వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. 2015లో ఆయన కన్నుమూశారు.

అంతకన్నా ముందు కథ ఇంకోటుంది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ ఒక మూగ్ సింథసైజర్ పెట్టాడు. గీతా సారాభాయ్ వంటి వాళ్ళు దానిమీద టేపులు చేశారు. ఆ టేపులు ఎన్నో ఏళ్ళు బీరువాల్లో పడుండి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. ఇక మన సంగతి చూస్తే, 1986లో 'డాన్స్ మాస్టర్' తమిళ మాతృకకి ఇళయరాజా గారు కంప్యూటర్ వాడితే అబ్బో అనుకున్నాం. రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు. కరెంటు సంగీతం మన చెవులకి కొత్తేం కాదు. కాకపోతే ఎప్పుడూ హీరో హీరోయిన్ల వెనకాల నిలబడింది. ఇక్కడ ఒంటరిగా ముందుకొచ్చి నిలబడితే, దానికి చోటు లేదు.

ఈ షెడ్డుకి కూడా అదే చివరి రాత్రి. స్థలం విల్లాల వెంచర్‌కి వెళ్ళిపోయింది. మరి ఊళ్ళో పబ్బులున్నాయిగా అన్నాను. "అక్కడ పది నిమిషాలు కాకముందే చీటీ వస్తదన్నా, మాస్ సాంగ్ వెయ్యమని," అన్నాడు సౌండ్ కుర్రాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తీగలు చుడుతున్న చేతులు మాత్రం ఆగిపోయాయి.

చివర కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఓ అమ్మాయి. ఇంజనీరింగ్ చదువుతోంది. వాళ్ళ నాన్న ఒగ్గు కథలకి డోలు వాయిస్తాడు. ఆయన డోలుని ఫోన్‌లో రికార్డు చేసి, ముక్కలు చేసి, వాటినే తిప్పి తిప్పి వాయించబోతోంది. ఆ నాన్న ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు! తెల్ల చొక్కా, భుజాన కండువా. ఆ అమ్మాయి చేతులు వణుకుతుంటే అరవై మందీ చూశాం. దేవుడి ముందు మోగే డోలది. దాన్ని కోళ్ళ షెడ్డులో కూతురు కోసి కుప్పలేస్తే ఆయన లేచి వెళ్ళిపోతే?

మొదట ఒకే ఒక్క దెబ్బ. అది సాగి సాగి గుహలో ఉరిమినట్టయింది. తర్వాత రెండు, నాలుగు. డోలు మీద డోలు. రేకులు మోగడం మొదలెట్టాయి. ఇందాకటి వాచ్‌మన్ గేటు వదిలి లోపలికొచ్చేశాడు. ఈసారి పాటెప్పుడని అడగలేదు. నేను ఆ నాన్నని తప్ప ఇంకెవర్నీ చూడలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి.

పదికి అయిదు నిమిషాలుందనగా స్పీకర్లు కట్టేశారు. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదని చట్టం. జాలీ గోడల షెడ్డు ఆరుబయట కాదని ఎవరితో వాదిస్తారు? అమ్మాయి మెల్లగా వచ్చి నాన్న ముందు నిలబడింది.

"వేగం పెంచినవ్ బిడ్డా," అన్నాడాయన. "గా దెబ్బకు గంత ఉరుకుడు ఉండది. మల్లన్న పెండ్లి కాడ జర నిదానం గావాలె."

"మళ్ళ జేస్త నాయినా."

"చెయ్యి. చేసినంక పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యి. మా బ్యాచోళ్ళకు ఇనిపిస్త."

బయట చౌరస్తాలో అప్పుడే ఓ బరాత్ వస్తోంది. పది దాటి పావుగంట అయింది. లారీ మీద స్పీకర్లు మాత్రం ఫుల్ సౌండ్‌లో ఉన్నాయి.